పై కాలువ తవ్విందెవరు

జూన్ మొదటి వారంలో యూనివర్సిటీ మా ఊరికి వచ్చింది. ఒక తెల్ల వ్యాను, అయిదుగురు పిల్లలు, ఒక టీచరు, పెట్టెల నిండా నీళ్ళ సీసాలు. మంచుకొండ కిందున్న ఊరికి నీళ్ళు కొనుక్కుని తెచ్చుకున్నారేమిటే అని బురుల్ నా డొక్కలో పొడిచింది. బురుల్ మా పక్కింటి కోడలు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నోటి దురుసులో మాత్రం ఇద్దరం సరిసమానం.

"నవ్వకు. వాళ్ళని పిలిచింది నేనే," అన్నాను.

నిజంగానే నేనే పిలిచాను. ఉత్తరం కూడా నేనే రాశాను, తప్పులతో సహా.

ఎందుకు పిలిచానో చెప్పాలి. మా కిర్గిజ్ దేశంలో, తలాస్ లోయలో, మా ఊరి చిక్కుడు చేలన్నీ పై కాలువ మీద బతుకుతాయి. కొండ వాగు దగ్గర మొదలై నాలుగు కిలోమీటర్లు వస్తుంది. కల్ఖోజు, అదే సోవియట్ కాలంనాటి ఉమ్మడి సేద్యం, మూతపడి, దాని పంపు తుక్కు కింద అమ్ముడుపోయిన ఏడు, చేతులతో తవ్వుకున్న కాలువ. కాగితం లేదు. అప్పుడు కాగితం ఎవరిని అడగాలి, ఆఫీసుకి తలుపులే లేకపోతే? రెండేళ్ళ కిందట జానిష్ అని ఒకడు వాగు పక్కన చేపల చెరువులు కట్టాడు. కాలువ మొదట్లో నీళ్ళు ఆపే తలుపు పెడతానంటున్నాడు. జిల్లా ఆఫీసువాళ్ళేమో, ఎవరి పేరునా లేని కాలువలన్నీ ఈ ఏడాదితో స్వాధీనం చేసుకుంటాం, చూసుకోగలిగినవాళ్ళకి అప్పగిస్తాం అంటున్నారు. చూసుకోగలిగినవాడు ఎవడో అడక్కుండానే తెలుస్తోంది.

నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. అయినా నీళ్ళ చట్టం పుస్తకం అట్టలు ఊడేదాకా చదివాను. ఆఫీసులో బల్ల మీద ఆ పుస్తకం పెట్టి, "ఊరు తవ్వుకుని, ఊరే బాగుచేసుకుంటున్న కాలువ ఊరి సంఘానికే రాయాలని ఇక్కడుంది, చదువుకో," అన్నాను. అక్కడివాడు చదవలేదు. "ఊరే తవ్విందని రుజువేంటి? ఎవరు ముందుండి తవ్వించారు, ఎవరు బాగుచేస్తున్నారు, బయటివాళ్ళెవరైనా విచారించి రాసి, స్టాంపు వేసిన కాగితం తే," అన్నాడు.

సరిగ్గా ఆ వసంతంలోనే మా ఆడపడుచు ఫోను చేసింది. రాజధానిలో మూడో ఏడు చదువుతోంది. "వదినా, మా కొత్త కోర్సులో పాఠాలుండవు. ఊళ్ళకి పోయి జనంతో కలిసి పనిచేసి, జనం దగ్గరే నేర్చుకుని, వాళ్ళకి కావలసింది వాళ్ళతో కలిసి తయారుచేసివ్వాలి. అదే పరీక్ష," అంది.

"మాకు కావలసింది ఒకటుంది. ఇక్కడికి తీసుకురా," అన్నాను.

ఊరందరికీ దాని పేరు ఆరూకె. నాకు తెల్లపిల్ల. మాలో కోడలు అత్తింటివాళ్ళని పేరు పెట్టి పిలవదు. చిన్నవాళ్ళకి తనే ఒక ముద్దుపేరు పెట్టుకుంటుంది. పెద్దవాళ్ళ పేరు అసలు నోట రానివ్వదు. నేను కాపురానికొచ్చిన నాలుగో ఏట పుట్టింది తెల్లపిల్ల. మా అత్తకి అప్పటికి ఒంట్లో బలం లేదు. ఉయ్యాల ఊపింది నేను, పళ్ళొచ్చేటప్పుడు నా వేలు కొరికింది అది. నా పిల్లలు దాని తరవాత పుట్టారు.

వ్యాను దిగి పరిగెత్తుకుంటూ వచ్చి నా మెడకి వేలాడింది. "వదినా, చిక్కిపోయావు! ఆఫీసులో ఎవర్ని కొరుక్కు తింటున్నావు?"

"నీ టీచర్ని తినడానికి ఆకలి దాచుకున్నాలే. ఏదీ ఆవిడ?"

టీచరు పేరు సాల్కిన్. సన్నగా, పొట్టి జుట్టుతో, ఎవరు మాట్లాడినా తల పక్కకి వంచి వినే మనిషి. బడి ఆవరణలో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "మేం పాఠం చెప్పడానికి రాలేదు. తరగతి గదిలో దొరకనిది నేర్చుకోవడానికి వచ్చాం. ఈ ఎనిమిది వారాలూ మీరే ప్రొఫెసర్లు."

"అయితే జీతం ఎప్పుడిస్తారు?" అని బురుల్ వెనకనుంచి అరిచింది. టీచరు కూడా నవ్వింది. నాకు నచ్చింది. చెప్పకపోతే అబద్ధమవుతుంది, ఆవిడ నాకు నచ్చింది.

* * *

మొదటి ఆదివారమే ఆషర్ పెట్టాను. ఆషర్ అంటే ఊరంతా వచ్చి ఒకళ్ళ పని అందరి పనిగా చేసి, ఆ ఇంటివాళ్ళు పెట్టింది తిని పోవడం. కాలువ పూడిక తీయడం ఏటేటా అలాగే చేస్తాం. ఎవరూ లెక్క రాయరు, ఎవరూ ఎగ్గొట్టరు. ఎగ్గొట్టినవాళ్ళ ఇంట్లో చావొస్తే మోయడానికి మనుషులు ఆలస్యంగా వస్తారు. అంతే చట్టం.

అయిదుగురు పిల్లలూ పారలు పట్టారు. గంట తిరక్కుండా చేతులు బొబ్బలెక్కాయి. కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి ఒకతె, నడుం పట్టుకుని, "ఇది ఎన్ని కిలోమీటర్లన్నారు?" అంది.

"నాలుగు. నువ్వు తీసింది నాలుగు బారలు," అన్నాను.

"దీనికి మార్కులుంటాయా టీచర్?"

"కాలువని అడుగు," అంది సాల్కిన్ టీచరు. తను కూడా మోకాళ్ళదాకా బురదలో ఉంది. అది చూసి మా ఆడవాళ్ళంతా కరిగిపోయారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గొర్రె కోశాం. మా అత్త తనే టీచరు ముందు మంచి ముక్క పెట్టింది. ఆ ముక్క మేం బంధువులకి పెడతాం.

రెండో వారంలో మా పెరట్లో, ఆప్రికాట్ పళ్ళ చెట్ల కింద కూర్చుని మా మాటలు యంత్రంలో ఎక్కించుకున్నారు. మేం ఇరవై మందిమి ఆడవాళ్ళం. మగవాళ్ళలో సగం రష్యాలో తాపీ పనిలో ఉన్నారు. మా ఆయనతో సహా మిగతా సగం మందలతో కొండ మీది మేతల్లో. ముసలివాళ్ళు కూడా వేసవికి గుర్రం పాలు తాగి ఒళ్ళు బాగుచేసుకోవడానికి కొండెక్కుతారు. ఊళ్ళో మిగిలింది కోడళ్ళం.

నేను చెప్పాను. కొత్త పెళ్ళికూతుర్ని, మొహం మీద ముసుగుతో, పచ్చితోలు మీద మట్టి లాగానని. నలభై ఒక్క రోజులు తవ్వామని. వాలు కొలవడానికి యంత్రం లేక, చెక్కతొట్టిలో అంచుదాకా నీళ్ళు పోసి నేల మీద పెట్టి, ఏ పక్క ఒలుకుతుందో చూసి ముందుకు పోయామని. ఒకచోట బండ అడ్డొస్తే దాని మీద మూడు రోజులు పేడ పిడకల మంట వేసి, చల్లనీళ్ళు కొట్టి పగలగొట్టామని.

"ఈ ఉపాయాలన్నీ ఎవరివి? ముందుండి నడిపిందెవరు?" అని కళ్ళజోడు అమ్మాయి అడిగింది.

"మా పెద్దాయన."

"పేరు?"

నేను నోరు మూసుకున్నాను. బురుల్ పకపకా నవ్వింది. "దాన్నడక్కమ్మా. మంత్రినైనా పేరు పెట్టి తిడుతుంది, మామగారి పేరు మాత్రం దాని నోట రాదు."

"పోనీ మీరు చెప్పండి."

"నేనెలా చెప్తాను? నాకు చినమామగారు!"

ఆ అమ్మాయి ఒక్కొక్కరి ముందూ యంత్రం పెట్టింది. మా ఊరంతా ఒకే వంశం. ఆయన అందరికీ మామగారే. ఒకతె, "ఆయన పేరులో ఆదివారం మేం చిక్కుళ్ళు అమ్మే చోటు ఉంది," అని సగం చెప్పి, మొహం కప్పుకుంది. ఇంకొకతె, "ఏయ్, నువ్వు దాదాపు పలికేశావు!" అని దాన్ని గిల్లింది. పొట్టలు పట్టుకుని నవ్వాం. మా అత్త గుమ్మంలో కూర్చుని, తన మొగుడి పేరు ఇందరు ఇన్ని దారుల్లో దాటిపోతుంటే, చిన్నపిల్లలా సిగ్గుపడి చూసింది.

నిజం చెప్తున్నా, ఈ ఒక్క ఆచారం మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. కోడళ్ళని పీడించే ఆచారాలెన్నింటితోనో పోట్లాడాను. దీన్ని మాత్రం వదిలేశాను. ఆయన నన్ను కూతురిలా చూశాడు. నీళ్ళ చట్టం పుస్తకం జిల్లానుంచి తెచ్చి నా చేతిలో పెట్టింది ఆయనే. ఆయన పేరు పలకకపోవడం నాకు భయం కాదు. అది ఆయన పోయాక కూడా నేను ఆయనకి ఇస్తున్న మర్యాద.

తెల్లపిల్ల వచ్చి యంత్రం లాక్కుంది. "ఆపండి, ఆపండి. వీళ్ళు చచ్చినా చెప్పరు. మా నాన్న పేరు నాకు తెలీదా? నేను రాస్తాలే వదినా."

"పెద్ద అక్షరాలతో రాయి," అన్నాను.

* * *

జూలై అంతా నీళ్ళ వంతులతో గడిచింది. పిల్లలు మా ఇళ్ళల్లోనే తిన్నారు, మా చేలల్లోనే కలుపు తీశారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి చేను ముందు తడవాలి, ఇంట్లో జబ్బుంటే వంతు ఎలా మార్చుకుంటాం, అన్నీ రాసుకున్నారు. జానిష్ దగ్గరకి కూడా పోయొచ్చారు. అది తెలిసి నేను టీచర్ని పట్టుకున్నాను.

"వాడి దగ్గరేం నేర్చుకుంటారు?"

"ఆయన కూడా ఇక్కడి మనిషే కదా కాలిపా అక్కా. అందరినీ వినాలి. మేం ఎవరి పక్షమూ కాదు."

"నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కకే పారతాయి టీచరుగారూ."

ఆవిడ తల పక్కకి వంచి వింది. నా మాట పుస్తకంలో కూడా రాసుకుంది. రాసుకున్నారు కదా అని సంతోషించాను. రాసుకునేవాళ్ళందరూ మనకోసమే రాస్తారనుకునే మొద్దుని.

ఆ నెలలోనే తెల్లపిల్ల కాస్త మారింది. మాట తగ్గింది. చేలో నా పక్కన కాకుండా రెండు చాళ్ళు అవతల కలుపు తీసేది. ఎవరైనా పట్నం పిల్లాడు మనసులో పడ్డాడేమో అనుకున్నాను. ఏడిపించాను కూడా. "ఏం తెల్లపిల్లా, గుర్రమ్మీద ఎత్తుకుపోయేవాడా, బస్సులో తీసుకుపోయేవాడా?"

"పో వదినా," అంది. నవ్వలేదు.

ఆగస్టు ఆఖరులో చిక్కుడు పీకి, కళ్ళంలో ఎండబెట్టి కొట్టే రోజులు. వ్యాను మళ్ళీ వచ్చింది. మా కళ్ళంలో ఆషర్ జరుగుతోంది. అందరి మొహాలూ దుమ్ముకొట్టుకుని, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. భోజనాల దగ్గర తెల్లపిల్ల కాగితాలు పంచింది. లావుపాటి కట్ట, రష్యన్‌లో ఉంది. చివరి పుటలో మా పేర్లు వరసగా, పేరు పక్కన గీత.

"ఏముంది ఇందులో?" అని బురుల్ అడిగింది.

"మీరు చెప్పినవే పెద్దమ్మా. కాలువ గురించి, వంతుల గురించి. మీ మాటలే అని సంతకం."

"కాలిపా, నువ్వు చదివావా?"

అందరూ నా వైపు చూశారు. చదవకుండా సంతకం పెట్టొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పినదాన్ని నేను. ఎన్నికలప్పుడు ఒక కాగితం మీద ఊరిచేత వేలిముద్రలు వేయించుకోబోతే, ఆ మనిషి వెంట కాలువ గట్టుదాకా పరిగెత్తి కాగితం చింపినదాన్ని. నాకు రష్యన్ వచ్చు. నిదానంగా వచ్చు. ఒక పుటకి పావుగంట పడుతుంది. కళ్ళంలో చిక్కుడు మీద మబ్బు పట్టి ఉంది. తెల్లపిల్ల నా చేతికి కలం ఇస్తూ నా వేళ్ళకంటిన దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచింది.

"మన పిల్ల రాసింది. చదివేదేముంది?" అన్నాను.

పెట్టాను. నా కింద పంతొమ్మిది మంది పెట్టారు.

* * *

సెప్టెంబరు మొదటివారంలో ఊరి క్లబ్బులో సభ. మగవాళ్ళు ఇంకా కొండ దిగలేదు. జిల్లా ఆఫీసునుంచి ఇద్దరొచ్చారు. ఊరి పెద్ద కొత్త టోపీ పెట్టుకున్నాడు. ముందువరసలో జానిష్ కూర్చున్నాడు. బల్ల మీద పొగబెట్టిన చేపలు పళ్ళాలనిండా ఉన్నాయి. అవెక్కడివని ఎవరూ అడగలేదు. నేను మా అత్తకి మంచి శాలువా కప్పి తీసుకొచ్చి మధ్యవరసలో కూర్చోబెట్టాను. మొగుడి పేరు గోడ మీద పెద్ద అక్షరాలతో వస్తుందని చెప్పి మరీ తెచ్చాను.

సాల్కిన్ టీచరు మాట్లాడింది. ఊరిని మెచ్చుకుంది, మా రొట్టెని మెచ్చుకుంది. తెర మీద మా బొమ్మలు వచ్చాయి. బురదలో నేను, పార మీద ఆనుకుని బురుల్, గొర్రె మాంసం ముందు అందరూ. చప్పట్లు కొట్టాం. తరవాత అక్షరాలు వచ్చాయి. కిర్గిజ్‌లోనే ఉన్నాయి, చదవడానికి పావుగంట పట్టలేదు.

పై కాలువ. తవ్వకానికి నాయకత్వం వహించినవారు: తెలియదు. అడిగిన ఇరవై మందిలో ఒక్కరూ పేరు చెప్పలేదు. నిర్వహణ సంస్థ: లేదు. సభ్యుల జాబితా: లేదు. సూచన: స్థానిక వ్యాపారి భాగస్వామ్యంతో కాలువ మొదట్లో తలుపు, మూడేళ్ళ ఉమ్మడి పథకం.

"తెలియదు అంటే?" అన్నాను. కూర్చునే అన్నాను. ఎవరికీ వినబడలేదు.

లేచి నిలబడ్డాను. "ఎవరికి తెలియదు?"

"కాలిపా అక్కా, ప్రశ్నలు చివర్లో..."

"మీకు తెలియదా? మా అత్త చేతి తిండి తిన్నారు. ఏ ఇంట్లో తిన్నారో తెలియదా?"

టీచరు గొంతు మెత్తగానే ఉంది. "యంత్రంలో ఉన్నదే రాయగలం. ఒక్కరైనా పేరు చెప్పి ఉంటే రాసేవాళ్ళం."

"ఆషర్‌కి జాబితా ఉంటుందా? చావుకి జాబితా రాస్తారా? పెళ్ళికి రాస్తారా?"

జిల్లా మనిషి గడియారం చూసుకున్నాడు. నేను తెల్లపిల్ల వైపు తిరిగాను. తెర పక్కనే నిలబడి ఉంది, చేతిలో కాగితాలు. తెల్ల జాకెట్టు వేసుకుంది.

"నువ్వు చెప్పు," అన్నాను. "కూతురివి. నీకు ఏ అడ్డూ లేదు. ఒక్క మాట చెప్పి కూర్చో."

తెల్లపిల్ల నన్ను చూసింది. వాళ్ళమ్మని చూసింది. తరవాత చేతిలో కాగితాలు చూసుకుంది. అందులో ఏదో వెతుకుతున్నట్టు ఒక పుట తిప్పింది.

ఇంకో పుట తిప్పింది.

"బజార్‌కుల్," అన్నాను నేను.

ఇరవై అయిదేళ్ళలో మొదటిసారి. ఎంత మామూలు పేరో. నా గొంతులో అది మా మామగారిది కాదు, ఎవరో పక్కూరి మనిషిదిలా వినబడింది. వెనకాల ఆడవాళ్ళు ఒక్కసారి ఊపిరి పీల్చారు. మా అత్త శాలువా మొహం మీదకి లాక్కుని, లేచి, నా మోకాళ్ళు తగలకుండా జాగ్రత్తగా దాటుకుని బయటకి పోయింది.

"ఈ పేరు మీ రికార్డులో ఉందా?" అని జిల్లా మనిషి టీచర్ని అడిగాడు.

"లేదండీ."

కట్ట చివరి పుట నా వైపు తిప్పాడు. "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అయితే కూర్చోండి."

* * *

మర్నాడు పొద్దున పెరట్లో తెల్లపిల్ల సంచి సర్దుకుంటోంది. ఆవుకి నీళ్ళు పెట్టి వచ్చి ఎదురుగా నిలబడ్డాను. కొడతానేమో అనుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది. చిన్నప్పుడు కూడా నేను దాన్ని కొట్టలేదు.

"రాశావా, రాయలేదా?"

"రాశాను వదినా. మొదటిదాంట్లో రాశాను. టీచరు గీసేశారు. సొంత తండ్రి పేరు సొంత కూతురు రాస్తే అది చదువు కాదు, ఇంటి తగాదా అవుతుందన్నారు. ఊళ్ళో ఇంకెవరి నోటైనా వస్తే ఉంచుతానన్నారు."

"గీసేసిందెప్పుడు?"

అది సంచి తాడు ముడేసింది. విప్పింది. మళ్ళీ ముడేసింది.

"జూలైలో."

జూలైలో. రెండు చాళ్ళు అవతల కలుపు తీసిన జూలై.

"నాతో చెప్తే నేనే కొండెక్కేదాన్ని. మీ అన్నని దింపేదాన్ని, ముసలివాళ్ళని దింపేదాన్ని. ఒక్క రోజు పని. యంత్రంలో పదిసార్లు చెప్పించేదాన్ని."

"చెప్తే గొడవ చేసేదానివి వదినా. కోర్సు ఆగిపోయేది. నాకు... ఆ మూడేళ్ళ పథకంలో పని ఇస్తామన్నారు. ఇక్కడి మనుషులు తెలిసినవాళ్ళు కావాలన్నారు. చదువవగానే ఉద్యోగం. జానిష్ మరీ అంత చెడ్డవాడేం కాదు, తలుపు పెట్టినా వంతులిస్తానంటున్నాడు."

"మా నీళ్ళు మాకు వాడిస్తాడా?"

అది తల వంచుకుని సంచి తాడు బిగించింది.

"నేనెందుకు పేరు పలకలేదో నీకు తెలీదా?"

"తెలుసు వదినా."

"ఇరవై మందీ ఎందుకు పలకలేదో?"

"తెలుసు."

అబద్ధం చెప్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏ ఒక్కటి చేసినా నాకు పట్టుకోవడానికి ఏదో దొరికేది. తలెత్తి నా మొహంలోకి చూసి, బడిపిల్ల తప్పు దిద్దినట్టు మెల్లిగా అంది.

"అయినా నువ్వు చదివి ఉండాల్సింది వదినా. నువ్వే చెప్తావు కదా అందరికీ."

నిజమే.

వ్యాను వచ్చింది. మా అత్త ఇంట్లోంచి రొట్టె పట్టుకొచ్చింది. దూరం పోయేవాళ్ళు రొట్టె అంచు కొరికి పోతారు. మిగిలిన రొట్టె ఇంట్లో దాస్తాం, తిరిగొచ్చి తినడానికి. తెల్లపిల్ల కొరికింది. మా అత్త ఆ రొట్టెని గుడ్డలో చుట్టి, లోపల అలమార పైన పెట్టింది. నన్ను దాటుకునే పోయింది, నన్ను దాటుకునే వచ్చింది. చూడలేదు.

ఆ రోజునుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. కూతురి మీద ఒక్క మాట లేదు. పేరు పలికిన కోడలు మాత్రం కంటికి ఆనలేదు. టీ చల్లారితే నా చిన్నకూతురితో, "మీ అమ్మకి చెప్పు, టీ చల్లారిందని," అనేది. నేను పక్కనే ఉండేదాన్ని.

మా ఆయన మందలతో దిగొచ్చాడు. అంతా విన్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇప్పుడు నేను పోయి మా నాన్న పేరు చెప్పనా?"

"పోయి చెప్పు."

పోయాడు. సంతకాలున్నాయి, మార్చాలంటే కోర్టు అన్నారట. తిరిగొచ్చి గుర్రాన్ని కట్టేస్తూ అన్నాడు. "వాళ్ళని పిలిచింది నువ్వే కదా." ఆ తరవాత చెల్లెలి సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో పలకకూడని పేర్లు పెరిగిపోయాయి.

నేను ఊరుకోలేదు. కోర్టుకి కాగితం రాశాను, సంతకాల కోసం మళ్ళీ తిరిగాను. అవే గుమ్మాలు, అవే ఆడవాళ్ళు. టీ పోశారు, రొట్టె విరిచారు. కాగితం చూడగానే చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. బురుల్ ఒక్కతే పెట్టింది. పెట్టేముందు ప్రతి పుటా చదివించుకుంది. కామాలు కూడా. అరపూట పట్టింది. ఎగతాళి చేయలేదు. ఆ మనిషి ఎగతాళి చేయకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

అక్టోబరులో, చలి ముదిరేముందు, నేలకి ఆఖరి తడి పెట్టాలి. మా వంతు రోజున పార భుజానేసుకుని గట్టుకి పోయాను. కాలువలో నీళ్ళు లేవు. అడుగున బురద ఇంకా తడిగా ఉంది. ఇంటికొచ్చి ఎవరితోనూ అనలేదు. మా అత్త కిటికీలోంచి నా పార చూసింది. పొడిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ బూట్లు వేసుకుని బయల్దేరింది. నాలుగు కిలోమీటర్లు, ఆ మోకాళ్ళతో. వెనక పోతే ఒప్పుకోదని దూరంగా నడిచాను. కాలువ మొదట్లో ఇనప తలుపు దించి ఉంది, కొత్త రంగు వాసన. తాళం వేసి ఉంది. పక్కన బోర్డు మీద యూనివర్సిటీ గుర్తు, చేపల చెరువుల గుర్తు. ఉమ్మడి పథకం అని రాసి ఉంది. ఆవిడకి చదువు రాదు. చాలాసేపు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. తాళం ఒకసారి ఎత్తి చూసి, మళ్ళీ మెల్లిగా వదిలింది.

మేం ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టీ కాచాను. గిన్నెల్లో పోశాను. ఆవిడ గిన్నె ఆవిడ ముందు పెట్టి, నాది తీసుకుని, ఎప్పటిలాగే పొయ్యి దగ్గరకి పోబోయాను.

"ఇక్కడ కూర్చో," అంది.

కూర్చున్నాను. ఆవిడ లేచి అలమార పైనుంచి గుడ్డ మూట దింపింది. విప్పింది. తెల్లపిల్ల పళ్ళ గుర్తు అంచు మీద అలాగే ఉంది. రొట్టెని రెండు చేతులతో పట్టుకుని విరవబోయింది. విరగలేదు. మోకాలికి ఆనించి విరిచింది. పళ్ళ గుర్తున్న సగం తన గిన్నెలో వేసుకుంది, రెండో సగం నా గిన్నెలో వేసింది.

"తిను," అంది.

ఇద్దరం గిన్నెలు పట్టుకుని కూర్చున్నాం. రాయిలా ఎండిపోయింది. నానడానికి చాలాసేపు పట్టింది.